చిన్న ట్రక్కు కొంటున్నారా? ముందు బస్తాలు లెక్కపెట్టండి

మెదక్: వరికోతలు మొదలయ్యాయంటే మెదక్ చుట్టుపక్కల గ్రామాలలో చిన్న ట్రక్కులకు తీరిక ఉండదు. పొలం నుంచి కల్లానికి, కల్లం నుంచి కొనుగోలు కేంద్రానికి ధాన్యం చేరాలి. కోతలు లేని రోజుల్లో కూరగాయలు, పాలు, గొర్రెలు, ఎరువుల బస్తాలు, పెండ్లి సామాను. ట్రాక్టరు పోలేనంత దూరానికి, లారీ అక్కరలేనంత సరుకుకు ఈ బండే దిక్కు. సొంతానికి ఒకటి ఉంటే కిరాయి డబ్బు ఇంట్లోనే మిగులుతుందని, చదివి ఖాళీగా ఉన్న కుర్రవాడికి బతుకుదెరువు దొరుకుతుందని ఆశపడే కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

ఆశ తప్పు కాదు. అయితే పుస్తెలతాడు కుదువపెట్టి, ఉన్న ఎకరం మీద అప్పు తెచ్చి కొన్న బండి కిస్తీలు కట్టలేక ఫైనాన్సు వారి పాలైతే, పోయేది బండి ఒక్కటే కాదు.

'ఏ కంపెనీ బండి మంచిది?' అని నలుగురిని అడిగితే నాలుగు పేర్లు చెబుతారు. నిజానికి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. నా సరుకెంత? నా దారి ఎలాంటిది? చెడిపోతే బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? ఈ మూడింటికీ సరిపోయినదే నమ్మకమైన బండి.

ఎన్ని బస్తాలు పడతాయి?

2005లో టాటా ఏస్ వచ్చిన తరువాతే చిన్న ట్రక్కు పల్లెలకు దగ్గరైంది. జనం దానికి 'చోటా హాథీ' అని పేరు పెట్టుకున్నారు. ఏనుగు అన్నారు గదా అని ఎంతైనా మోస్తుందనుకోరాదు. ఆ తరగతి బండ్లు మోయవలసిన బరువు సుమారు 750 కిలోలు. ధాన్యం బస్తా 40 కిలోల లెక్కన 18 బస్తాలు. అశోక్ లేలాండ్ దోస్త్ ప్లస్, టాటా ఇంట్రా వి-50 వంటివి 1,500 కిలోలు, అంటే 37 బస్తాలు మోస్తాయి. మహీంద్ర బొలెరో పికప్‌లో 1,700 కిలోల రకానికి 42 బస్తాలు.

ఎకరానికి 24 క్వింటాళ్ళు దిగుబడి వస్తే 60 బస్తాలు. చిన్న బండికి నాలుగు ట్రిప్పులు, పెద్దదానికి రెండు. చిన్నది కొని రెండు ట్రిప్పుల్లో పని ముగించాలని 30 బస్తాలు వేస్తే మొదట దెబ్బతినేవి కమాన్ పట్టీలు, క్లచ్ ప్లేటు, టైర్లు. బ్రేకు వేసినా బండి ఆగవలసిన చోట ఆగదు. అధిక బరువు వల్ల వచ్చిన చెడుపుకు కంపెనీ వారంటీ కూడా అక్కరకు రాదు. అలాగని రోజూ పది ట్రేల టమాటా తోలే రైతుకు 1,700 కిలోల బండి దండగ. ఖాళీ బండిని తిప్పినా డీజిలు కాలుతూనే ఉంటుంది.

బరువు సంగతి అమ్మేవాడి నోటిమాటతో తేల్చుకోరాదు. ఆర్.సి.లో ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. రెండో అంకెలోంచి మొదటిది తీసివేయాలి. మిగిలిన దాంట్లోంచి డ్రైవరు బరువు, తరువాత కట్టించిన ఇనుప బాడీ బరువు కూడా తీసివేస్తే సరుకు బరువు తేలుతుంది.

దారిని బట్టి చక్రం

రామాయంపేట, చేగుంట మీదుగా 44వ నెంబరు జాతీయ రహదారి పట్టి హైదరాబాదు బోయినపల్లి మార్కెట్టుకు కూరగాయలు తోలేవారి అవసరం వేరు. చెరువు కట్టల వెంట, పొలం బాటల్లో తిరిగేవారి అవసరం వేరు. ఏస్ వంటి చిన్న బండి చక్రం 12 అంగుళాలది. ఇరుకు సందుల్లో సులువుగా తిరుగుతుంది గాని నల్లరేగడి బురదలో దిగబడితే బయటకు రావడం కష్టం. బొలెరో పికప్ వంటి వాటికి 15 అంగుళాల చక్రాలు. గుంతల దారికి అవే నయం. కొనేముందు అటువంటి బండినే ఒక రోజు కిరాయికి తీసుకుని, మీ సరుకు వేసి, మీ దారిలోనే తోలి చూడడం ఉత్తమం. షోరూము ముందు తారురోడ్డు మీద అన్ని బండ్లూ బాగానే నడుస్తాయి.

డీసీఎం చెప్పే పాఠం

మన ప్రాంతంలో మధ్యరకం లారీ ఏది కనిపించినా 'డీసీఎం' అనడం అలవాటు. 1980 దశకంలో జపాను కంపెనీల సహకారంతో నాలుగు రకాల తేలికపాటి ట్రక్కులు దేశంలోకి వచ్చాయి. డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, నాలుగోది ఆల్విన్ నిస్సాన్. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్ సహకారంతో ఆ బండిని తయారుచేసింది అప్పటి మెదక్ జిల్లాలోని జహీరాబాదులోనే. 2016లో జిల్లాల విభజన తరువాత జహీరాబాదు సంగారెడ్డి జిల్లాలో ఉంది.

ఆ నాలుగింటిలో డీసీఎం టొయోటా, ఆల్విన్ నిస్సాన్ ఇప్పుడు లేవు. డీసీఎం పేరు మాత్రం జనం నోట మిగిలింది. జహీరాబాదు కర్మాగారం మహీంద్ర చేతికి వెళ్ళి, ట్రాక్టర్లు, 2015లో వచ్చిన జీతో మినీ ట్రక్కు తయారుచేసింది. ఎంత మంచి బండైనా, దాన్ని చేసిన కంపెనీ తప్పుకుంటే విడిభాగాలకు వెతుకులాట తప్పదు.

కనుక మీరు కొనదలచిన రకం మెదక్ రోడ్ల మీద ఎన్ని తిరుగుతున్నాయో గమనించండి. క్లచ్ ప్లేటు, బ్రేకు షూలు, సెల్ఫ్ మోటారు పట్టణంలోని దుకాణాల్లో దొరుకుతాయా, హైదరాబాదు నుంచి తెప్పించాలా అని అడగండి. కోతల కాలంలో నాలుగు రోజులు బండి ఆగితే ఆ సీజను నష్టం ఏడాదంతా పూడదు.

డీజిలా, గ్యాసా?

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. కొత్త డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ ఉంటోంది. అప్పుడప్పుడు మంచి వేగంతో కొంత దూరం నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. ఊళ్ళో రెండేసి కిలోమీటర్లు తిరిగే బండిలో అది పూడుకుపోయి ఇంజను బలం తగ్గుతుంది. దగ్గర తిరుగుళ్ళకు పెట్రోలు బండి, దూరపు బరువులకు డీజిలు మేలు.

సి.ఎన్.జి. బండికి నడిపే ఖర్చు తక్కువే. కాని సిలిండర్ల బరువు సరుకు బరువును తింటుంది. మారుతి సూపర్ క్యారీ పెట్రోలు రకం 740 కిలోలు మోస్తే గ్యాసు రకం 625 కిలోలే మోస్తుంది. బంకు మీ దారిలో ఉందా అన్నది అన్నిటికంటే ముందు చూడాలి.

కిస్తీలో కిటుకు

'ఎనిమిది శాతమే వడ్డీ' అనగానే సంతకం పెట్టరాదు. అది ఫ్లాటు వడ్డీయా, తగ్గుతున్న బాకీ మీద వడ్డీయా అని అడగాలి. రూ. 6 లక్షల అప్పుకు 8 శాతం ఫ్లాటు వడ్డీ, నాలుగేళ్ళ గడువు అనుకుందాం. వడ్డీ రూ. 1,92,000. నెలకు కిస్తీ రూ. 16,500. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం ఆరు లక్షల మీదే పడుతోంది. తగ్గే బాకీ మీద లెక్కకడితే అది 14 శాతం పైమాటే.

నెలలో 22 రోజులు బండికి పని దొరికితే కిస్తీకే రోజుకు రూ. 750 కావాలి. డీజిలుకు రూ. 500, నడిపేవాడి కూలి రూ. 600, టైర్లు, సర్వీసు, బీమా కోసం పక్కన పెట్టవలసినది రూ. 250 అనుకుంటే రూ. 2,100 అవుతుంది. ఆపైన వచ్చిందే లాభం. కన్న కొడుకే నడిపినా అతని కూలి లెక్కలో వేయవలసిందే. ఈ లెక్కలో మీ ఊరి కిరాయి రేట్లు వేసి చూస్తే బండి నిలబడుతుందో లేదో కొనకముందే తెలిసిపోతుంది.

పాత బండి తీసుకుంటే

తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్ళి స్టార్టు చేయించాలి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోందని అర్థం. నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టర్లో చూపించాలి. ఛాసిస్ మీద వెల్డింగు అతుకులున్నాయా, టైర్లు ఒకవైపే అరిగాయా, ఖాళీ బండి ఒక పక్కకు ఒరిగి ఉందా చూడాలి. ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ పేరుంటే బాకీ తీరినట్టు ఫారం 35 తీసుకోకుండా డబ్బు చేతికివ్వరాదు. ఫారం 29, 30 మీద సంతకాలు చేయించి బండిని మీ పేరిట మార్పించుకోవాలి.

కాగితాలు, మనుషులు

మొత్తం బరువు మూడు టన్నులు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదు. దాటితే తీసుకోవలసిందే. కొత్త బండి ఫిట్‌నెస్ రెండేళ్ళు ఉంటుంది. ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా చేయించాలి. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్.ఎం.వి. లైసెన్సు చాలునని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

అన్నిటికన్న ముఖ్యమైనది ఒకటుంది. పెండ్లికో, జాతరకో మనుషులను వెనుక ఎక్కించే అలవాటు మానాలి. 2022 మే 8న పొరుగున ఉన్న కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి దగ్గర, జనం ఎక్కిన ట్రాలీ బండి లారీని ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. సరుకు యజమానికి, అతని మనిషికి తప్ప సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి బీమా వర్తించదు. పరిహారం బండి యజమాని మెడకే చుట్టుకుంటుంది. బంధువులమని మొగమాటపెట్టి ఎక్కేవారికి ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

షోరూముకు వెళ్ళే ముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: రోజూ మోసే బస్తాలు, తిరిగే దారి, దగ్గరి మెకానిక్కు, రోజుకు రావలసిన కిరాయి. ఆ కాగితం జేబులో ఉంటే అమ్మేవాడి మాటలకు బోల్తా పడనక్కరలేదు.