మీకు తెలుసా? పైన కరెంటు, కింద కొత్తిమీర

ఒకప్పుడు ద్రాక్ష పందిళ్లకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేట పొలాల్లో ఇప్పుడు వెంచర్ల హద్దురాళ్లు మొలుస్తున్నాయి. మిగిలిన చెలకల్లో కూరగాయలతో పాటు కరెంటునూ పండించవచ్చు.

సోలార్ పలకలను మనిషి ఎత్తు దాటించి, వరుసల మధ్య ఎడం పెంచి బిగిస్తే కింద సాగు ఆగదు. 1980ల ఆరంభంలోనే జర్మనీ శాస్త్రవేత్తలు గోయెట్జ్‌బెర్గర్, జాస్ట్రో ఈ ఆలోచన చెప్పారు.

నీడలో పంట దెబ్బతినదా? చాలా మొక్కల ఆకులు నడిమధ్యాహ్నపు ఎండనంతా వాడుకోలేవు. హద్దు దాటిన వేడి మొక్కలోని నీటిని పీల్చేస్తుంది. ఎండాకాలంలో కొత్తిమీరకు షేడ్‌నెట్ కట్టేది అందుకే. అమెరికాలోని అరిజోనాలో జరిగి 2019లో వెలువడిన అధ్యయనంలో, పలకల నీడన చెర్రీ టమాటా దిగుబడి రెట్టింపైంది. మొక్కలు వదిలే తేమతో పలకలు కూడా చల్లబడ్డాయి. ఇది చిన్న విషయం కాదు, పలక వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది మరి!

వరికి మాత్రం ఇది అంతగా నప్పదు. నీడ ఎక్కువైతే గింజ తగ్గుతుంది.

కేంద్రం 2019లో తెచ్చిన పీఎం-కుసుమ్ పథకం 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల ప్లాంట్లు పెట్టి కరెంటును విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కంకు) అమ్ముకునే దారి తెరిచింది. సాగుభూమి అయితే పలకలను స్తంభాలపై ఎత్తుగా నిలపాలి. ఆ ఉక్కు స్తంభాల ఖర్చే పెద్ద అడ్డంకి. ఒక్క మెగావాట్‌కే నాలుగైదు ఎకరాలు కావాలి, చిన్న రైతు ఒంటరిగా మోయలేడు. రైతుల బృందాలు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా దరఖాస్తు చేసుకునే వీలును పథకం కల్పించింది. మన దగ్గర నడవాల్సిన దారి అదే.