ఇంటికీ క్వారీకీ ఎంత దూరం?

ఇళ్ల పక్కన రాతి క్వారీ వద్దంటూ కేరళలోని పాలక్కాడ్ జిల్లా వాసులు రాసిన ఉత్తరం క్వారీ యజమానులను సుప్రీంకోర్టు దాకా నడిపించింది. ఇంటికి 50 మీటర్ల ఎడం ఉంటే చాలు, బండను పేల్చుకోవచ్చని 2017లో ఆ రాష్ట్రం నిబంధన తెచ్చింది. అంటే నాలుగిళ్ల అవతలే మందుగుండు! కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సిఫారసు మేరకు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జులైలో ఆ లెక్క మార్చింది. పేలుళ్లుంటే 200 మీటర్లు, లేకుంటే 100.

ఇది అతి జాగ్రత్తేమీ కాదు. 2018 ఆగస్టు 3న కర్నూలు జిల్లా హత్తిబెళగల్ క్వారీలో జరిగిన పేలుడుకు కనీసం 10 మంది బలయ్యారు. వారిలో ఎక్కువమంది పొట్టకూటికి వచ్చిన వలస కూలీలే. చుట్టుపక్కల ఊళ్లు ఉలిక్కిపడ్డాయి.

ట్రిబ్యునల్ ఆదేశంపై యజమానులు కోర్టుకెక్కారు. తమ వాదన వినలేదన్నది వారి ప్రధాన అభ్యంతరం. తమాషా ఏమిటంటే, ఊళ్లవాళ్ల గోడు కూడా అదే. 5 హెక్టార్ల లోపు లీజులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2016 జనవరిలో కేంద్రమే తేల్చేసింది. 5 హెక్టార్లంటే 12 ఎకరాల పైమాటే. ఊరి పక్కన గుట్ట మాయం కావడానికి అది చాలు.

ఉత్తరం ఆధారంగానైనా ట్రిబ్యునల్ తనంతట తానే విచారణ చేపట్టవచ్చని సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 7న తీర్పు చెప్పింది.