అద్దములు వండిన అన్నము

తిరుచానూరు పద్మసరోవరమున కెదురుగా సూర్యనారాయణస్వామి ఆలయ మొకటి కలదు. సరోవరమునందలి పద్మములు వికసించుటకై శ్రీనివాసుడే అచట సూర్యుని ప్రతిష్ఠించెనని స్థలపురాణము చెప్పును. పద్మమును విప్పుటకు చాలిన ఎండ అన్నము నుడికించుటకు చాలదు. దానిని పోగుచేయవలెను, పోగైన వేడిని చెదరిపోనీక నిలుపవలెను. ఈ రెండు పనులకై 2002 అక్టోబరులో తిరుమల కొండపై, దేవస్థానమువారి వంటశాలకు తోడుగా, అద్దములతో కూడిన మహాయంత్ర మొకటి వెలసినది.

దాని పుట్టిల్లు ఆఫ్రికా. దర్పణము సూర్యుని వెంట తిరుగునప్పుడు సాధారణముగా దాని నాభియు, అనగా కిరణములు కూడు చోటును, కదలును. కదలెడు నాభియొద్ద వంటపాత్రను నిలుపుట దుష్కరము. 1986లో కెన్యాలో తన తొలి దర్పణమును నిర్మించిన ఉల్ఫ్‌గాంగ్ షెఫ్లర్, పరావలయపు నడిమి భాగమును విడిచి, ప్రక్కనున్న ఖండమును మాత్రమే గ్రహించి, భూమి ఇరుసునకు సమాంతరమైన ఇరుసుపై దానిని గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగునట్లు చేసి, ఋతుభేదమునకు తగినట్లు అద్దపు వంపునే సవరించు ఉపాయమును కల్పించెను. అద్దము తిరిగినను నాభి కదలలేదు.

తిరుమలలో అట్టి దర్పణములు 106 నిలిపిరి. ఒక్కొక్కదాని వైశాల్యము 9.2 చదరపు మీటర్లు. నాభియందలి గ్రాహకములో నీరు మరిగి, 180 డిగ్రీల సెల్సియస్ వద్ద, చదరపు సెంటీమీటరునకు 10 కిలోగ్రాముల పీడనముతో ఆవిరియై వంటశాలకు ప్రవహించునట్లు అమర్చిరి. రోజునకు 4,000 కిలోగ్రాములకు మించిన ఆవిరితో 15,000 మందికి రెండు పూటల భోజనము సిద్ధమగునట్లు దీనిని రూపొందించిరి. మబ్బు పట్టిన దినమున వంట ఆగకుండుటకై డీజిలు బాయిలరుతో జోడించిరి.

ఇక వేడి జమాఖర్చు చూతము. గ్రాహకమునుండి వేడి గాలి వెంట కొంత, వికిరణముగా కొంత పోవును. గాలి వెంట పోవునది ఉష్ణోగ్రతా భేదముతో ఇంచుమించు అనుపాతముగా పెరుగును. వికిరణమో, 1879లో స్టెఫాన్ కనుగొని, 1884లో బోల్ట్‌జ్‌మన్ నిరూపించినట్లు, పరమోష్ణోగ్రత చతుర్థ ఘాతముతో పెరుగును. కావున 30 డిగ్రీల పరిసరములో 180 డిగ్రీల నల్లని తలము చదరపు మీటరునకు సుమారు 1.9 కిలోవాట్లు కోల్పోగా, 1,200 డిగ్రీల వద్ద ఆ నష్టము 266 కిలోవాట్లగును: దాదాపు 140 రెట్లు! నడిమధ్యాహ్నపు ఎండ ఇచ్చునది చదరపు మీటరునకు ఒక కిలోవాటు మాత్రమే.

ఎండ వేడితో రసాయన చర్యలు జరుపు సౌర రియాక్టర్ల కష్టమంతయు ఇచటనే యున్నది. సీరియమ్ ఆక్సైడును 1,500 డిగ్రీల ప్రాంతమునకు వేడిచేసినచో ఆక్సిజనును విడుచును. చల్లార్చి నీటియావిరి నిచ్చినచో ఆ ఆక్సిజనును తిరిగి గ్రహించి హైడ్రోజనును మిగుల్చును. అంతటి వేడిని నిలుపుటకై గ్రాహకమును ఇరుకుమూతి కుండవలె గుహాకారముగా మలతురు; కిరణములు సన్నని ద్వారమున ప్రవేశించి, లోగోడలపై పలుమారులు పడి, చాలవరకు అందే లీనమగును. ద్వారము పెద్దదైన వికిరణనష్టము, చిన్నదైన కిరణనష్టము. ఈ మధ్యేమార్గమును నిర్ణయించుటకే శాస్త్రజ్ఞులు నిర్మాణమునకు పూర్వము లక్షలాది కిరణములను గణకయంత్రమున యాదృచ్ఛికముగా విడిచి వాని గతిని లెక్కింతురు. వాయుప్రవాహమును, రసాయన చర్యను అదే గణితమున ముడివేయుదురు.

ఎండను పోగుచేయుట అద్దముల పని. ఏ పనికి ఎంత వేడి చాలునో తేల్చుట గణితము పని. అన్నమునకు చాలినంత వేడియొద్దనే ఆగిన తిరుమల యంత్రము ఈ వివేకమునకు ఉత్తమోదాహరణము.