బి.యస్సీ. చదువుతూ డాక్టరీ ఆశ

మా ఆత్మకూరులో బి.యస్సీ. చదువుతూనే డాక్టరీ మీద ఆశ చంపుకోలేని పిల్లలున్నారు. వయసు మీరిందన్న బెంగ వారికి అక్కరలేదు. నీట్ పరీక్షకు గరిష్ఠ వయఃపరిమితిని 2022లో తీసివేశారు. కర్నూలు వైద్య కళాశాల 1957 నాటిది. 2023లో నంద్యాలలోనూ 150 సీట్లతో మరొకటి వెలిసింది.

పరీక్షకు 720 మార్కులు. అందులో సగం జీవశాస్త్రానివే. ప్రశ్నలు మాత్రం ఇంటర్ స్థాయివి. కనుక ఆ పాత పుస్తకాలే మళ్ళీ తిరగవేయాలి. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత; తోచినట్లు గుర్తు పెట్టరాదు.

ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు. అయితే అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే ప్రమాణం. ‘కిరణజన్య సంయోగక్రియ’ తెలిసినవారికి ‘ఫోటోసింథసిస్’ కూడా తెలియాలి. తెలుగు పంతులునైన నేనే ఈ మాట చెబుతున్నాను!

డిగ్రీ మాత్రం మానవద్దు. సీటు రాకున్నా అది చేతిలో ఉంటుంది. తల్లిదండ్రులారా! “ఇంకొక్క ఏడు” అని అమ్మాయి అడిగితే, పెళ్ళిమాటలకు ముందు ఆ ఏడాది ఇవ్వండి.