న్యాయవాద వృత్తి నుండి విద్యుత్ సంస్కరణలకు: శ్రీ రంగరాజన్ కుమారమంగళం

విద్యుత్ ఛార్జీలను ఎవరు నిర్ణయించాలి, రైతులకు, పేదలకు ఇచ్చే రాయితీ సొమ్మును ఎవరు భరించాలి అనే ప్రశ్నలకు చట్టరూపంలో సమాధానం సమకూర్చిన కేంద్ర మంత్రులలో శ్రీ పి. రంగరాజన్ కుమారమంగళం ముఖ్యులు. న్యాయవాది అయిన ఆయన 1998 మార్చి నుండి 2000 ఆగస్టులో మరణించే వరకు కేంద్ర విద్యుత్ శాఖను నిర్వహించారు.

1952లో జన్మించిన శ్రీ కుమారమంగళంది న్యాయకోవిదుల కుటుంబం. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులలో, 1926 నుండి 1930 వరకు ఆ ప్రభుత్వానికి సారథ్యం వహించిన డాక్టర్ పి. సుబ్బరాయన్ ఆయన తాతగారు. తండ్రి శ్రీ మోహన్ కుమారమంగళం కేంద్ర ఉక్కు, గనుల శాఖ మంత్రిగా ఉండగా 1973లో విమాన ప్రమాదంలో మరణించారు. విద్యార్థి నాయకునిగా ప్రజాజీవితంలో ప్రవేశించిన శ్రీ కుమారమంగళం 1984, 1989, 1991 ఎన్నికలలో సేలం నుండి కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1991లో శ్రీ పి.వి. నరసింహారావు మంత్రివర్గంలో న్యాయ, పార్లమెంటరీ వ్యవహారాల సహాయ మంత్రిగా బాధ్యతలు చేపట్టి, 1993లో రాజీనామా చేశారు. తదుపరి భారతీయ జనతా పార్టీలో చేరి 1998, 1999లలో తిరుచిరాపల్లి నుండి గెలుపొందారు.

అప్పటి వరకు 1948 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర విద్యుత్ బోర్డులే ఛార్జీలు ఖరారు చేసేవి. పేరుకు బోర్డులదైనా, ఆచరణలో ఆ నిర్ణయం ప్రభుత్వాలదే. రాయితీల లోటు బోర్డుల లెక్కలలో నష్టంగా పేరుకుపోయేది. 1998 ఏప్రిల్‌లో కేంద్రం జారీ చేసిన ఆర్డినెన్సు, అనంతరం దాని స్థానంలో వచ్చిన విద్యుత్ నియంత్రణ మండళ్ల చట్టం ఈ పద్ధతిని మార్చాయి. కేంద్ర మండలి ఆ ఏడాది జూలైలోనే ఏర్పాటైంది. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం గనుక రాష్ట్ర మండళ్ల స్థాపనను ఆ చట్టం రాష్ట్రాల అభీష్టానికే విడిచిపెట్టింది.

ఆ చట్టంలోని ఒక నిబంధన ప్రత్యేకించి పేర్కొనదగినది. మండలి నిర్ణయించిన ఛార్జీలో ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలచిన రాష్ట్ర ప్రభుత్వం, ఆ మొత్తాన్ని నష్టపోయే సంస్థకు చెల్లించి తీరాలి. అనగా రాయితీపై నిషేధం లేదు. దాని భారం ఎవరిదో మాత్రం కాగితంపై తేలాలి. వాదప్రతివాదాలకు తావు లేకుండా బాధ్యతను నిర్దేశించే న్యాయవాది దృష్టి ఇందులో స్పష్టం.

ఆంధ్రప్రదేశ్ 1998లోనే సొంత సంస్కరణల చట్టం చేసుకొని, 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విభజించింది. ఈ మార్గం సుగమంగా సాగలేదు. 2000 ఆగస్టు 23న శ్రీ కుమారమంగళం 48 ఏళ్ల వయసులో ఢిల్లీలో కన్నుమూశారు. ఐదు రోజులకే, ఆగస్టు 28న, ఛార్జీల పెంపుపై హైదరాబాద్‌లో జరిగిన ఆందోళనలో బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది.

ఆయన హయాంలో రూపకల్పన ప్రారంభమైన సమగ్ర విద్యుత్ బిల్లు 2001లో పార్లమెంటు ముందుకు వచ్చి, 2003 జూన్ 10న చట్టంగా అమలులోకి వచ్చింది. రాష్ట్ర మండళ్ల ఏర్పాటు తప్పనిసరి కాగా, రాయితీ సొమ్మును ముందుగానే చెల్లించాలన్న నియమం 65వ సెక్షనులో చేరింది. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వ్యవసాయ ఉచిత విద్యుత్తుకు సైతం పంపిణీ సంస్థలకు ప్రభుత్వమే రాయితీ రూపంలో చెల్లించవలసి ఉంటుంది. 2014 విభజన అనంతరం ఉభయ రాష్ట్రాలలోనూ ఇదే నియమం వర్తిస్తోంది.