గోదావరి 43 అడుగులకు చేరింది, మొదట ఏం చేస్తారు?

ప్లేస్‌మెంట్ల సీజన్ దగ్గరపడితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది: "పీఎంపీ చేయండి, ప్యాకేజీ డబుల్". ఫార్వర్డ్ చేసేవాళ్లు చెప్పని సంగతి ఏంటంటే, ఇంకా చదువుకుంటున్న మనకి ఆ పరీక్ష రాసే అర్హతే లేదు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లు 36 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. దానికి తోడు 35 గంటల శిక్షణ. దరఖాస్తు ఆడిట్‌లో పడితే ఆ పని చేశామని పై అధికారితో చెప్పించాలి. రెండు నెలల ఇంటర్న్‌షిప్ కాగితంతో అయ్యే పని కాదు. కాబట్టి ఫైనలియర్‌లో ఎవరైనా పీఎంపీ పేరు చెప్పి ఫీజు అడిగితే, ఆ డబ్బులతో హాయిగా పాపికొండలు తిరిగి రండి.

మనకి అందేది సీఏపీఎం. రెండూ పెట్టేది ఒక్కరే, 1969లో అమెరికాలో మొదలైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్. సీఏపీఎంకి ఇంటర్ స్థాయి చదువు, 23 గంటల శిక్షణ ఉంటే చాలు. ప్రశ్నలు 150, టైమ్ మూడు గంటలు. అందులో 15 ప్రశ్నలకి మార్కులుండవు, అవేవో మనకి తెలియదు. ఇది పాసై చెల్లుబాటులో ఉంచుకుంటే, రేపు ఉద్యోగంలో అనుభవం వచ్చాక పీఎంపీకి 35 గంటల శిక్షణ విడిగా చూపించక్కర్లేదు. నేను పోయిన ఏడాది రాసి పాసయ్యాను. అందుకే జూనియర్లు అడుగుతున్నారు, ఏం చదివావన్నా అని.

ఈ పరీక్ష నిర్వచనాలు అడిగేది తక్కువ. ఒక పరిస్థితి చెప్పి, "మేనేజర్ మొదట ఏం చేయాలి?" అంటుంది. నాలుగు ఆప్షన్లూ చూడ్డానికి కరెక్టుగానే ఉంటాయి. మన అలవాటు ప్రకారం బట్టీ కొడితే ఇక్కడే దొరికిపోతాం. నాకు పనికొచ్చింది మాత్రం భద్రాచలమే.

రిస్క్ చాప్టర్ తీసుకోండి. ఏప్రిల్‌లో గోదావరి వరద ఒక రిస్క్. జూలైలో నీళ్లు వీధిలోకి వచ్చేస్తే అది ఇష్యూ. ఈ తేడా మీద ప్రశ్నలు చాలానే వస్తాయి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పుస్తకంలో 'ట్రిగ్గర్' అనేది ఇదే. ఇప్పుడు ప్రశ్న: నీరు 43కి చేరింది, మొదట ఏం చేస్తారు? పై అధికారికి ఫోన్ చేస్తారా, ఊరంతా ఖాళీ చేయిస్తారా, మీటింగ్ పెడతారా, ఆ స్థాయికి ముందే రాసిపెట్టుకున్న చర్యలు మొదలుపెడతారా? చివరిదే జవాబు. ప్లాన్ ఉన్నప్పుడు ముందు ప్లాన్ తీయాలి. సగం ప్రశ్నలకి ఇదొక్కటే తాళంచెవి అంటే మరీ ఎక్కువ చెప్పినట్టు కాదేమో.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. కరకట్ట కట్టడం 'మిటిగేట్', అంటే ముప్పు తగ్గించడం. ఇల్లు ఎత్తు మీదకి మార్చుకుంటే 'అవాయిడ్'. బీమా తీసుకుంటే 'ట్రాన్స్‌ఫర్'. ఏమీ చేయకుండా చూద్దాంలే అనుకుంటే 'యాక్సెప్ట్'. మరి కరకట్ట కట్టాక ముప్పు పోయిందా? 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71 దాటింది. ఆ మిగిలిపోయే భయం 'రెసిడ్యుయల్ రిస్క్'. వరదప్పుడు కట్ట స్లూయిజ్‌లు మూసేస్తే లోపల కురిసిన వాన నీళ్లు బయటికి పోలేక రామాలయం దగ్గర నిలిచిపోతాయి, మోటార్లు పెట్టి తోడాలి. అంటే మనం చేసిన పరిష్కారం నుంచే పుట్టిన కొత్త సమస్య, 'సెకండరీ రిస్క్'. ఈ రెండు పదాల మధ్య ఎంతమంది తడబడతారో మాక్ టెస్టుల్లో చూశాను. స్లూయిజ్ గుర్తున్నవాడు తడబడడు.

అనుమతుల సంగతికి మణుగూరు దగ్గరి భద్రాద్రి థర్మల్ కేంద్రం చాలు. నాలుగు యూనిట్లు, 1080 మెగావాట్లు. 2015లో శంకుస్థాపన జరిగింది. పర్యావరణ అనుమతి చేతికి రాకముందే పనులు మొదలయ్యాయని హరిత ట్రిబ్యునల్ ఆపించింది. అనుమతి 2017లో వచ్చింది, ఆఖరి యూనిట్ 2022 జనవరిలో అందుబాటులోకి వచ్చింది. గడువు తరుముతోంది, అనుమతి రాలేదు, పని మొదలుపెట్టాలా అని పరీక్షలో అడిగితే జవాబు మన పక్క మండలంలోనే ఉంది.

ఇక సాహితీ క్లబ్ పత్రిక కాబట్టి గోపన్నని వదలలేను. పాల్వంచ పరగణా తహసీల్దారు. తానీషా అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరకి వెళ్లాడని కథ. పీఎంఐ భాషలో చెప్పాలంటే చార్టర్ లేదు, స్పాన్సర్ సంతకం లేదు. ప్రాజెక్టు మాత్రం నేటికీ నిలిచే ఉంది. చెరసాల నుంచి వచ్చిన కీర్తనల్ని ఏ లాభం కింద రాయాలో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

లెక్కలు భయపడేంత ఉండవు. కోటి రూపాయల హాస్టల్ బిల్డింగ్ అనుకోండి. ఈ నెలకి 40 లక్షల పని అయిపోవాలి. 30 లక్షల పనే అయింది, ఖర్చు మాత్రం 36 లక్షలు. 30ని 36తో భాగిస్తే 0.83, అది ఖర్చు సూచిక. 30ని 40తో భాగిస్తే 0.75, అది షెడ్యూల్ సూచిక. ఒకటి కంటే తక్కువంటే రెండు వైపులా నష్టమే. ఇదే తీరు సాగితే బిల్డింగ్ 1.2 కోట్లకి తేలుతుంది. ఫార్ములా కంటే ఆ చివరి వాక్యం చెప్పగలగడం ముఖ్యం.

అసలు కష్టం ఇంగ్లిష్. పరీక్ష తెలుగులో లేదు. నాలాగ పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లకి విషయం తెలిసినా, ఆరు లైన్ల ప్రశ్న చదివేసరికి నిమిషం అయిపోతుంది. మొత్తం మీద ఒక్కో ప్రశ్నకి దక్కేది 72 సెకన్లే. నేను చేసింది ఇది: రోజూ రాత్రి ఇరవై ప్రశ్నలు చదివి, ఒక్కోదాన్ని రూమ్మేట్‌కి ఒకే వాక్యంలో తెలుగులో చెప్పడం. "కాంట్రాక్టరు లేటు చేస్తున్నాడ్రా, వీడు ముందు ఎవర్ని అడగాలి?" ఇంతే. వాడు మెకానికల్, వాడికి ఈ పరీక్షతో సంబంధమే లేదు, అయినా నెల తిరిగేసరికి సగం జవాబులు వాడే చెప్పేవాడు. ముందుగా ఆఖరి లైన్ చదవండి, ప్రశ్న అక్కడే ఉంటుంది. 'ఫస్ట్', 'నెక్స్ట్', 'బెస్ట్', 'ఎక్సెప్ట్' అన్న మాటల దగ్గర ఆగండి. టెలిగ్రామ్‌లో దొరికే 'డంప్స్' జోలికి మాత్రం పోవద్దు. సగం జవాబులు తప్పులతడక, పైగా పట్టుబడితే పరీక్షే రద్దు.

సిలబస్ మారుతూ ఉంటుంది, కాబట్టి ఏ పుస్తకం కొనేముందైనా పీఎంఐ సైట్‌లో 'ఎగ్జామ్ కంటెంట్ ఔట్‌లైన్' దించుకోండి. ఉచితమే. ఫీజు కూడా అక్కడే చూసుకోండి, వేలల్లోనే ఉంటుంది. విద్యార్థి సభ్యత్వం తీసుకుంటే ఎంత తగ్గుతుందో లెక్కేసుకుని కట్టండి. ఇంట్లో అడిగి తెచ్చే డబ్బు కదా.

ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాయొచ్చు. కానీ గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరా ముందు నుంచి కదలకూడదు. వానాకాలంలో మన కరెంటునీ నెట్‌నీ నమ్మి మూడు గంటలు కూర్చోవడం కంటే హైదరాబాద్ సెంటర్‌కి వెళ్లడమే మేలు. కొత్తగూడెంలో రాత్రి రైలు ఎక్కండి. వేరే ఊళ్ల నుంచి కొత్తగా వచ్చిన జూనియర్లకి ఒక మాట: టికెట్ మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది, కానీ ఆ స్టేషన్ ఉండేది కొత్తగూడెంలో. భద్రాచలం అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. పుస్తకంలో 'అజంప్షన్' అనే పదం ఉంది చూశారూ, అదన్నమాట.