పచ్చిరొట్ట, కషాయము

మన సేద్యపు పలుకుబడిలో ‘రొట్ట’ యనునది చిన్నమాట. ఆకులు, లేతకొమ్మలు కలగలసిన పచ్చనిమోపును రొట్ట యందురు. దమ్ముచేసిన మడిలో దానిని వేసి త్రొక్కినచో పచ్చిరొట్ట యెరువగును. ఖమ్మము చేలు ముగిసి భద్రాచలపుటడవి మొదలగు తావున నీ యెరువునకు కొదువలేదు. కానుగ, జిల్లేడు, వెంపలి, తంగేడు, వావిలి విత్తువారు లేకయే పెరుగుచున్నవి.

వీనిలో కానుగకే నేను పెద్దపీట వేయుదును. ఇది చిక్కుడు కుటుంబపు వృక్షము. దాని వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టున కందించును. చెట్టునుండి ఆకునకు, ఆకునుండి మడికి అది చేరును. లేతయాకు త్వరగా క్రుళ్లును. ముదురుకొమ్మ అట్లుకాదు. తాను చివుకుటకై నేలలోని నత్రజనినే కొంతకాలము బంధించి పైరును పసుపువన్నెకు తెచ్చును. కనుకనే తెలిసిన రైతు కొమ్మ లావు చూచి కొడవలి వేయును. నాటుటకు కొన్నాళ్లు ముందుగానే రొట్ట త్రొక్కించును.

కషాయము సంగతి వేరు. ఎరువు నేలకు తిండి, కషాయము పైరునకు కాపు. ఈ రెంటిని కలగాపులగము చేసి చెప్పుట నేడు తరచుగా వినబడుచున్నది. బిందెడు నీటిలో గుప్పెడాకు నానవేసి చల్లిన పొలమునకు బలము వచ్చుననుట అతిశయోక్తి. ఐరోపా తోటమాలులు దురదగొండి జాతి మొక్కను వారములకొలది నానవేసి పాదులకు పోయుదురు; అది కూరమడికి చాలును గాని యెకరములకు చాలదు. సురపాలుని వృక్షాయుర్వేదమునందలి కుణపజలమును సైతము కొంద రాకునీరని తలతురు. అది మాంసము, మజ్జ, క్రొవ్వు ఉడికించి పులియబెట్టిన ద్రవము. సికిందరాబాదులోని ఆసియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ఆ గ్రంథమును ఆంగ్లానువాదముతో ప్రకటించినది, సందేహమున్నవారు చూడవచ్చును.

కషాయము చేసిన మేలు చూడవలెనన్న పునుకుల గ్రామమును తలచుకొనవలెను. పాల్వంచ మండలమునందలి యీ ఊరు నాడు ఖమ్మము జిల్లాలోనిది, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ప్రత్తితో పురుగుమందు వచ్చినది. మందుతో అప్పు వచ్చినది. మందు నరువిచ్చిన వర్తకుడే పంటను కొనెడివాడు, ధరయు తానే చెప్పెడివాడు. పురుగు మాత్రము చావలేదు. మందు చల్లుచు చేనిలో పడిపోయినవారు కలరు. ఆ మందునే త్రావినవారును కలరు. 1999 ప్రాంతమున ‘సెక్యూర్’ అను స్వచ్ఛంద సంస్థ కొందరు రైతులచేత మందు మాన్పించి, వేపగింజల కషాయము, పచ్చిమిరప-వెల్లుల్లి కషాయము, పేడ-మూత్ర ద్రావణము వాడించినది. వేసవిదుక్కి, ఎరపంటలు తోడైనవి. తొలుత నమ్మినవారు కొలదిమందియే. వారి ఖర్చు తగ్గియు ప్రత్తి నిలుచుట చూచి తక్కినవారు కదలిరి. మహిళా సంఘములు పట్టుబట్టినవి. 2004 నాటికి ఊరంతయు పురుగుమందు మానినది. పిమ్మట ప్రభుత్వము మహిళా సంఘముల ద్వారా ఈ పద్ధతిని అనేక జిల్లాలకు వ్యాపింపజేసినది. ఇందు వేప చేసిన పని యెంత, అప్పులవాని గడప త్రొక్కకుండుట చేసిన పని యెంత యని విడదీయుట కష్టము. రెండవదే యెక్కువ యని నా తలపు.

కషాయమునకు ఆకు నేరుటలో పల్లెవారి గుర్తొకటి కలదు: పశువు ముట్టనిది, చేదైనది, త్రుంచిన పాలు కారునది. ఆకలములన్నియు మేయు మేకయే వదలినదనగా అందేదో కలదన్నమాట. మనము గాడిదగడపాకు అను మొక్కకు అరవమున ‘మేక ముట్టని పాల’ యను అర్థము గల పేరే యున్నది. అయితే పురుగునకు చేదైనది మనకు తీపి కాదు. జిల్లేడుపాలు కంటికి కీడు, ఉమ్మెత్త విషము. బడితోటలో పిల్లలచే వీనిని నూరింపరాదు.

భద్రాచలపు మన్యమున కోయల బ్రతుకుతో పెనవేసికొన్నది ఇప్పచెట్టు. పువ్వు తిండికి, సారాకు, గింజ నూనెకు. నూనె తీయగా మిగిలిన ఇప్పపిండిది విచిత్రమైన నడత. అందు కుంకుడుకాయలోవలె నురుగునిచ్చు సపోనిన్ అను పదార్థము కలదు. చేపపిల్లలను వదలుటకు ముందు చెరువులోని పనికిరాని చేపలను చంపుటకు హెక్టారునకు సుమారు 2,500 కిలోల ఇప్పపిండి చల్లుదురు. మూడు వారములకు విషము విరిగి అదే చెరువునకు ఎరువగును. చేలోనైనను అంతే; పచ్చిగా వేసినచో వానపాములు చచ్చును.

అడవిలో రాలిన యాకు అడవి ఎరువే. మోపులకొలది దానిని చేలకు తరలించుట నాకు సమ్మతము కాదు. గట్టుమీద నాలుగు కానుగమొక్కలు నాటుట మేలు. 1950ల నుండి మన దేశమున ప్రబలిన వయ్యారిభామను ఎంత కోసినను ఎవరును అడ్డు చెప్పరు. అయితే పూతకు రాకమునుపే కోసి కంపోస్టు గుంటలో వేయవలెను.

వేపగింజను గూర్చి ఉపాధ్యాయులకు రెండు మాటలు. అందలి అజాడిరాక్టిన్ పురుగును తక్షణమే చంపదు. తిండి సహింపనీయదు, కుబుసము విడువనీయదు. 5 కిలోల పప్పు నలుగగొట్టి 10 లీటర్ల నీటిలో రాత్రియంతయు నాననిచ్చి, గుడ్డతో వడగట్టి, 100 గ్రాముల సబ్బు కరిగించి, 100 లీటర్లు చేసి చల్లుదురు. ఎండకు విరుగును గావున సాయంకాలము చల్లుట మంచిది. మూడు నెలలు నిలువయుండని గింజయు, ఎనిమిది నెలలు దాటిన గింజయు పనికిరావు. బడులు తెరచు జూన్‌లో పిల్లలు ఏరి నీడనెండబెట్టిన గింజ, ప్రత్తికాయను పురుగు తొలుచు అక్టోబరునకు సరిగా అందివచ్చును.